ఆ కంప్యూటర్ ఎవరిది?

(తిరుపతిలోని ఒక విశ్వవిద్యాలయ విభాగంలో అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులు, ఆఫీసు సిబ్బంది కోసం పెట్టిన సమావేశంలో, కంప్యూటర్ల బాధ్యత చూసే ఉద్యోగి చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

హెచ్‌ఓడీ మేడమ్ గారికి, సార్లకు, మేడమ్‌లకు, ఆఫీసు సిబ్బందికి, స్కాలర్లకు నమస్కారం. పావుగంట ఆలస్యమైంది, మన్నించండి. ప్రొజెక్టర్ ఆన్ కాలేదు. కంప్యూటర్ల గురించి మాట్లాడటానికి వచ్చినవాడికి ఇంతకంటే అవమానం ఉండదు. చూస్తే రిమోట్‌లో బ్యాటరీలు లేవు. ఏమయ్యాయని అడిగితే పక్కగది ఏసీ రిమోట్‌లో వేశామన్నారు. మరి ఆ ఏసీ రిమోట్ బ్యాటరీలు ఏమయ్యాయో నేను అడగలేదు. కాబట్టి ఇవాళ తెర లేదు, నోటిమాటే.

పదిహేడేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. ఆర్డరు కాపీలో నా ఉద్యోగానికి పెద్ద పేరే ఉంది గానీ, ఇక్కడ అందరూ నన్ను ‘సిస్టమ్ సార్’ అంటారు. రోజుకు పది పదిహేను ఫోన్లు వస్తాయి. సగం ప్రింటర్ గురించే. మిగతా సగం దాదాపు ఒకేలా సాగుతాయి. “సార్, సిస్టం హ్యాంగ్ అయింది.” “ఏ సిస్టం?” “అదే సార్, కిటికీ పక్కన ఉంటుందే.” “ఎవరు వాడతారు దాన్ని?” “అందరం వాడతాం సార్.” “మరి ఎవరిది?” అవతల కాసేపు మాట ఉండదు. తర్వాత, “డిపార్ట్‌మెంట్‌ది సార్.”

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఇన్నేళ్ళలో మన దగ్గర జరిగిన నష్టాల్లో, ఎక్కడో విదేశంలో కూర్చున్న హ్యాకర్ ప్రత్యేకంగా మన మీద పగబట్టి చేసింది ఒక్కటీ లేదు. అన్నీ ఆ కిటికీ పక్కన సిస్టం దగ్గరో, పదిమందికీ తెలిసిన పాస్‌వర్డ్ దగ్గరో, తాళం ఎవరి దగ్గరుందో తెలియని బీరువా దగ్గరో మొదలైనవే.

స్కాలర్లు ముందు వరుసలో కూర్చున్నారు కాబట్టి పెన్‌డ్రైవ్‌తో మొదలుపెడతాను. సబ్మిషన్‌కి ముందురోజు సాయంత్రం ఐదున్నరకి, నేను స్కూటర్ స్టార్ట్ చేస్తుండగా ఒకరు పరుగెత్తుకుంటూ వస్తారు. ఇది ఏటా జరుగుతుంది. గేటు బయట జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి వచ్చి, ఇక్కడ పెన్‌డ్రైవ్ పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయి కూర్చుంటాయి. కళ్ళలో నీళ్ళు. “ఫార్మాట్ కొట్టేస్తే వైరస్ పోతుందంట కదా సార్?” పోతుంది, దాంతోపాటు థీసిస్ కూడా పోతుంది.

అక్కడ జరిగేది ఇది. ఆ వైరస్ మీ ఫోల్డర్లను చెరపదు, దాచేస్తుంది. వాటికి ‘హిడెన్’, ‘సిస్టమ్’ అని రెండు ముద్రలు వేసి కనబడకుండా చేసి, అదే పేరుతో ఒక షార్ట్‌కట్ పెడుతుంది. మీరు దాన్ని డబుల్ క్లిక్ చేస్తే ముందు వైరస్ నడుస్తుంది, వెంటనే మీ అసలు ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది. ఫోల్డర్ తెరుచుకుంది కదా అని మీకు అనుమానం రాదు. జిరాక్స్ షాపు సిస్టంలో రోజుకు ఎన్ని పెన్‌డ్రైవ్‌లు దిగుతాయో లెక్కేసుకోండి. షాపాయన తప్పు కూడా కాదు పాపం, అదీ అందరి కంప్యూటరే. కాబట్టి అలా అయినప్పుడు దేన్నీ క్లిక్ చేయకండి, ఫార్మాట్ చేయకండి, నా దగ్గరికి తెండి. ముందు స్కాన్ చేస్తాం, తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో ‘అట్రిబ్’ అనే చిన్న కమాండ్‌తో ఆ రెండు ముద్రలూ తీసేస్తే ఫోల్డర్లు మళ్ళీ కనబడతాయి. ఐదు నిమిషాల పని.

ఇంకా మంచి పద్ధతి ఒకటుంది. షాపుకు తీసుకెళ్ళే పెన్‌డ్రైవ్ వేరుగా పెట్టుకోండి. చిన్నది చాలు. అందులో పీడీఎఫ్ తప్ప ఇంకేమీ ఉండకూడదు. దాన్ని చెప్పుల్లాగా చూడండి. ఊరంతా తిరిగొచ్చినదాన్ని దేవుడి గదిలోకి తీసుకుపోము కదా.

రెండోది ఆ మూలగదిలో ఉన్న పాత సిస్టం. పుస్తకాల పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ అందులో ఉంది, పేజ్‌మేకర్ సిస్టం అంటే మీ అందరికీ తెలుసు. దాన్ని తీసేయమని నాకు నాలుగుసార్లు చెప్పారు, నాలుగుసార్లూ తీయలేదు. విభాగం పాత సావనీర్లు, సెమినార్ వ్యాసాలు, ప్రశ్నపత్రాలు అన్నీ అందులో అను అనే పాతతరం తెలుగు ఫాంట్లతో కొట్టినవి. యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల అక్షరాలకూ తలా ఒక సంకేతం ఇచ్చే ప్రమాణంలో, తెలుగుకు 1991 నుంచే చోటుంది గానీ, డీటీపీ పని చాలా ఏళ్ళు దాని దారిన రాలేదు. ఆ పాత ఫైళ్ళలో నిజానికి ఉండేది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే, ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తుంది. ఫాంటు లేని సిస్టంలో తెరిస్తే వేషం ఊడిపోయి పిచ్చిగీతలు కనిపిస్తాయి.

దాంతో కొందరు ఏం చేస్తారు? తమ ల్యాప్‌టాప్‌లో ఆ ఫైలు తెరవాలి కాబట్టి నెట్‌లో వెతికి ఆ సాఫ్ట్‌వేర్ ‘ఫ్రీ క్రాక్ వెర్షన్’, అంటే లైసెన్సు తాళం పగలగొట్టిన దొంగ కాపీ, దింపుతారు. అందులో ఒక టెక్స్ట్ ఫైలు ఉంటుంది, ఎలా ఇన్‌స్టాల్ చేయాలో చెప్పేది. మొదటి వాక్యమే ‘యాంటీవైరస్ ఆపేయండి’. దొంగ వాకిట్లో నిలబడి ‘అన్నా, కాస్త కుక్కను కట్టేయ్, లోపలికి రావాలి’ అంటే కట్టేస్తామా? ఇక్కడ మాత్రం కట్టేస్తాం. నిరుడు ఒక స్కాలర్ ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లన్నీ అలాగే పోయాయి. ఫేస్‌బుక్, మెయిల్, అన్నీ. అబ్బాయి ఇక్కడే ఉన్నాడు, పేరు చెప్పను. నువ్వు తల దించుకోకు నాయనా, అందరికీ తెలిసిపోతుంది. (నవ్వులు)

పాత సిస్టం ఉండటం వల్ల ప్రమాదం లేదు. పాత సిస్టం నెట్‌లో ఉండటం వల్లే. 2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. ఫైళ్ళన్నీ తాళం వేసి బిట్‌కాయిన్‌లో డబ్బు అడిగేది. మన ఆంధ్రలో చిత్తూరు జిల్లాతో సహా కొన్ని జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లకు కూడా తగిలింది. దానికి ఎవరూ మెయిల్ క్లిక్ చేయనక్కర్లేదు, ఒక సిస్టంలోకి వస్తే నెట్‌వర్క్ తీగ పట్టుకుని పక్క సిస్టంలోకి తనంతట తానే పోతుంది. ఆ కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చేసింది. రెండు నెలలకు రెండు రోజులు తక్కువ. అప్‌డేట్ వేసుకున్న సిస్టంలు ఆ తీగదారి దాడికి నిలబడ్డాయి. వేసుకోని వాటిలో ఎక్కువ భాగం విండోస్ 7వి. మన దగ్గర ఆరోజు నేను చేసిన ఘనకార్యం ఏమీ లేదు. నెట్‌వర్క్ తీగలన్నీ కలిసే స్విచ్ పెట్టె దగ్గరికి పరుగెత్తి తీగలన్నీ పీకేశాను, అంతే. పేజ్‌మేకర్ సిస్టంకు మాత్రం ఆ తీగ మళ్ళీ పెట్టలేదు. “నెట్ రావట్లేదు సార్” అని ఎవరైనా ఫోన్ చేస్తే ఆ సిస్టం ఆరోగ్యంగా ఉన్నట్టే.

ఇప్పుడు అదే కథ విండోస్ 10తో మొదలవుతోంది. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే సుమారుగా 8వ తరం నుంచి ఉండాలి. మన ల్యాబ్‌లో సగం 4వ తరం ఐ3లు. కొన్నిటికి డబ్బు కట్టి అప్‌డేట్లు పొడిగించుకుందామని, కొన్నిటిలో విండోస్‌కు బదులు ఉబుంటు అనే ఉచిత లైనక్స్ వేద్దామని మేడమ్‌కి నోట్ పెట్టాను. లైనక్స్ అనగానే మొహాలు అలా పెట్టకండి. మీరు రోజంతా చేసేది బ్రౌజర్‌లో పని, ఒక డాక్యుమెంటు, ఒక పీడీఎఫ్. ఆ మూడింటికీ అది చాలు.

పాస్‌వర్డ్‌ల సంగతి. తిరుపతిలో దొంగ పాస్‌వర్డ్ ఊహించాలంటే పెద్ద తెలివి అక్కర్లేదు. గోవిందా, దాని వెనక ఎట్, దాని వెనక వన్ టూ త్రీ. నేను మూడు గదుల్లో పరీక్షించి చూశాను, రెండు గదుల్లో తెరుచుకుంది. స్వామి పేరు పెడితే స్వామే కాపాడతాడనుకుంటారు. డేటా గోవిందా అంటుంది.

ఇందులో మీ తప్పుతోపాటు మా తప్పూ ఉంది. మూడు నెలలకోసారి మార్చండి, ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక గుర్తు పెట్టండని మేమే మిమ్మల్ని చంపుకు తిన్నాం. మీరేం చేశారు? చివర ఒకటి తీసి రెండు పెట్టారు, రెండు తీసి మూడు పెట్టారు, గుర్తుండక చీటీ రాసి కీబోర్డు కింద దాచారు. అమెరికాలో నిస్ట్ అనే ప్రమాణాల సంస్థకు 2003లో ఆ సలహాలు రాసింది బిల్ బర్ అనే ఆయన. 2017లో, రిటైరయ్యాక, తాను రాసినదాంట్లో చాలావాటికి పశ్చాత్తాపపడుతున్నానని పత్రికకు చెప్పారు. అదే ఏడాది నిస్ట్ కూడా ఆ నియమాన్ని తీసేసింది. పాస్‌వర్డ్ బయటపడిందని అనుమానం ఉంటేనే మార్చండి, లేకపోతే వద్దు, పొడుగ్గా మాత్రం పెట్టండి అంది. పొడుగు అంటే ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు మాటలు. చింతపండు, గొడుగు, నిచ్చెన, పిల్లి. ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి కొట్టండి. ఇప్పుడు నేను చెప్పేశాను కాబట్టి ఇదే పెట్టకండి, ఎవరో ఒకరు పెడతారని నాకు తెలుసు.

పాస్‌వర్డ్ కంటే పెద్ద తలనొప్పి ఓటీపీ. మన విభాగం మెయిల్‌కు ఫోన్ నంబరు ఎవరిదో తెలుసా? రిటైరై ఆరేళ్ళయిన ఒక పెద్ద సార్‌ది. ఆయన చిత్తూరులో ఉంటారు. ఆ మెయిల్ తెరిచినప్పుడు ఓటీపీ ఆయనకు పోతుంది, ఆఫీసు నుంచి ఫోన్ పోతుంది, ఆయన “ఏమప్పా, ఓటీపీనా?” అని చదివి చెబుతారు. దేవుడులాంటి మనిషి. ఒకసారి పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళారు, నంబరు ఇక్కడే ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే ఒక ప్రాజెక్టు గడువు. మూడు రోజులు ఆ మెయిల్ తెరుచుకోలేదు. ఆ గొడవ ఒక ఎత్తు, రెండోది చూడండి. అడిగిన వాళ్ళకల్లా ఓటీపీ చదివి చెప్పడం ఆయనకు అలవాటైపోయింది. రేపు ఇంకెవరో ఫోన్ చేసి “సార్, డిపార్ట్‌మెంట్ నుంచి” అంటే? గొంతు గుర్తుపట్టే వయసు కాదు. మెయిల్‌తో ఆగదు, బ్యాంకు ఓటీపీ కూడా చదివేస్తారు. మన బద్ధకం ఆయన పెన్షన్ మీదికి తెస్తుంది. ఆ నంబరు ఈ వారంలో మారాలి.

మెయిళ్ళు, వాట్సాప్‌ల విషయంలో నేను ఎక్కువ చెప్పను, ‘క్లిక్ చేయకండి’ అని విని విని మీకు విసుగొచ్చి ఉంటుంది. ఒక్క కిటుకు మాత్రం చెబుతాను. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, వెబ్‌సైటుకు ఇంటిపేరు చివర వస్తుంది. అడ్రసులో మొదటి రెండు వాలుగీతల తర్వాత వచ్చే ఒంటి వాలుగీత దగ్గర ఆగండి. అక్కడి నుంచి వెనక్కి చదవండి. డాట్ ఏసీ డాట్ ఇన్ అని ఉంటే చదువుల సంస్థ, ఎర్నెట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ పరిశీలించి ఇస్తుంది. డాట్ గవ్ డాట్ ఇన్ ప్రభుత్వానిది. ముందు భాగంలో ఎవరైనా ఏ పేరైనా తగిలించుకోవచ్చు. మూడువందల రూపాయల దర్శనం టికెట్ల కోసం మీ బంధువులు ఊళ్ళ నుంచి మీకే ఫోన్ చేస్తారు కదా, వాళ్ళకూ ఇది చెప్పండి. టీటీడీ సైటు ఇంటిపేరు ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. ముందు తిరుమల, దర్శన్, బాలాజీ అని ఎన్ని ఉన్నా, చివర డాట్ కామో ఇంకోటో ఉంటే అది వేరే ఇంటి మనిషి.

వాట్సాప్‌లో మేడమ్ ఫొటో పెట్టుకుని ఎవరో మన జూనియర్ అసిస్టెంట్‌కు మెసేజ్ పెట్టిన సంగతి తెలిసిందే. మీటింగ్‌లో ఉన్నాను, అర్జంటుగా పదివేలు పంపించు, సాయంత్రం ఇస్తాను అని. ఆయన పంపలేదు. ఎందుకు పంపలేదని నేను అడిగితే భలే చెప్పాడు. “మేడమ్ ‘ఏం నాయనా, తిన్నావా’ అనకుండా మాటే మొదలుపెట్టరు సార్. ఇందులో ‘డియర్’ అని ఉంది.” నేను ఇన్నేళ్ళుగా ఇచ్చిన ట్రైనింగ్‌లన్నీ ఒకవైపు, ఆ మాట ఒకవైపు.

ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడుతూ కూర్చోకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దాటిపోయేలోపు ఆపగలిగితేనే ఆశ. మొదటి గంట విలువ తర్వాతి వారానికి ఉండదు.

ఇప్పుడు బ్యాకప్. దీనికి కాస్త సమయం తీసుకుంటాను. 2021 నవంబర్‌లో తిరుపతిని ముంచిన వాన మీలో చాలామందికి గుర్తుంది. మన కింది అంతస్తులోకి రాత్రికి రాత్రి మోకాలి లోతు నీళ్ళు వచ్చాయి. నీళ్ళు తీశాక నేను వెళ్ళేసరికి సీపీయూలు సగం దాకా బురదలో ఉన్నాయి. ఎందుకంటే సీపీయూ నేల మీదే పెడతాం, టేబుల్ మీద ఫైళ్ళకు చోటు కావాలి కదా. అయినా సిస్టంలు పోతే కొనుక్కోవచ్చు. ఒక స్కాలర్ మూడేళ్ళు పల్లెలు తిరిగి, ముసలమ్మల చేత పాడించి రికార్డు చేసిన పాటలున్నాయి. ఆ అమ్మాయి జాగ్రత్తపరురాలు, బ్యాకప్ తీసింది. ఒక కాపీ కింది అంతస్తు సిస్టంలో. ఇంకో కాపీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో. ఆ హార్డ్‌డిస్క్ అదే గదిలో, బీరువా అడుగు అరలో, ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి.

కవరు ముడి విప్పితే లోపల గ్లాసుడు నీళ్ళు. ఎవరో బియ్యంలో పెట్టమన్నారు, ఇంకెవరో ఎండలో పెట్టమన్నారు. ఆరిపోయింది కదా అని ఒక స్నేహితుడు దాన్ని ల్యాప్‌టాప్‌కు తగిలించాడు. టిక్, టిక్, టిక్ అని మూడుసార్లు అంది, ఆగిపోయింది. తడిసిన హార్డ్‌డిస్క్‌కు కరెంటు ఇవ్వకూడదు. లోపల పళ్ళెం నిమిషానికి వేలసార్లు తిరుగుతుంది, దాని మీద వెంట్రుకంత ఎడం కూడా లేకుండా రీడ్ చేసే ముల్లు కదులుతుంది. మధ్యలో బురద రేణువు పడితే గీసుకుపోవడమే. చెన్నైలో రికవరీ చేసేవాళ్ళ దగ్గరికి పంపాం. సగం పాటలు వచ్చాయి. మిగతా సగం కోసం ఆ అమ్మాయి మళ్ళీ పల్లెలకు వెళ్తే, పాడిన ముసలమ్మల్లో ఇద్దరు లేరు.

అందుకే మూడు, రెండు, ఒకటి అంటాం. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఈ భవనం బయట. గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకోండి, లేదా ఇంకో హార్డ్‌డిస్క్ మీ ఊళ్ళో అమ్మ బీరువాలో పెట్టించండి. థీసిస్ శోధ్‌గంగలో, అంటే దేశంలోని థీసిస్‌లు దాచే ఆన్‌లైన్ భాండాగారంలో, ఉంటుంది కదా అంటారు. ఉండేది తుది కాపీ. మీ రికార్డింగులు, మీ సర్వే ఫారాలు అక్కడ ఉండవు. ఇంకో మాట. బ్యాకప్ హార్డ్‌డిస్క్ ఎప్పుడూ సిస్టంకు తగిలించి ఉంచకండి. రాన్సమ్‌వేర్ వస్తే దాన్ని కూడా కలిపి తాళం వేస్తుంది.

శేషాచలం కొండ అంచున ఉన్నాం కాబట్టి ఇంకో శత్రువు సంగతి చెప్పకపోతే బాగుండదు. పోయిన వేసవిలో రెండు రోజులు నెట్ ఆగిపోతే సైబర్ దాడి అని గ్రూపులో పెద్ద చర్చ జరిగింది. మేడ మీదికి వెళ్ళి చూస్తే కేబుల్ కొరికేసి ఉంది. కోతులు. దానికి ఫైర్‌వాల్ లేదు, ఇనుప పైపు వేయించాం.

పాత సిస్టంలు కండెమ్ చేసి వేలానికి పంపేటప్పుడు హార్డ్‌డిస్క్‌లు విప్పి నాకు ఇవ్వండి. డిలీట్ చేసినా, పైపైన ఫార్మాట్ కొట్టినా మార్కుల జాబితాలు, ఆధార్ కాపీలు అందులోనే ఉంటాయి. పనికొచ్చేవి పూర్తిగా తుడిచి వాడతాను, మిగతావాటికి డ్రిల్లింగ్ మెషిన్ ఉంది.

చివరగా నా తప్పు ఒకటి. మూడేళ్ళ క్రితం ఆఫీసులో ఒకావిడ ‘మీ మెయిల్‌బాక్స్ నిండిపోయింది’ అనే మెయిల్ నమ్మి పాస్‌వర్డ్ కొట్టేశారు. కొట్టిన పది నిమిషాలకే ఆమెకు అనుమానం వచ్చింది. నాకు మాత్రం మూడు రోజుల తర్వాత చెప్పారు. ఈలోగా ఆమె మెయిల్ నుంచి వందలమందికి అదే మెయిల్ పోయింది. ఎందుకమ్మా వెంటనే చెప్పలేదంటే తల దించుకున్నారు. తర్వాత అటెండరు చెప్పాడు. అంతకు ముందు నెలలో ఇలాంటిదే జరిగితే నేను ఇంకొకరి మీద నలుగురిలో అరిచానట. నాకది గుర్తు కూడా లేదు. ఆ మూడు రోజులు నా అరుపు ఖరీదు. అప్పటి నుంచి అరవడం మానేశాను. నమ్మకం లేకపోతే మా అటెండర్‌ను అడగండి. కాబట్టి తప్పు నొక్కారనిపిస్తే నెట్ తీగ పీకండి, వైఫై ఆపండి, సిస్టం ఆఫ్ చేయకండి, నాకు ఫోన్ చేయండి. అర్ధరాత్రి అయినా సరే. పెద్ద దాడి అయితే తెలిసిన 6 గంటల్లోపు కేంద్రంలో సర్ట్-ఇన్ అనే సైబర్ భద్రతా సంస్థకు మేము చెప్పాలి, 2022 నుంచి అది నియమం. మీరు చెబితేనే కదా మేము చెప్పేది.

ఇప్పుడు ఒక కాగితం తిప్పుతున్నాను. ఎడమవైపు మన విభాగంలో ఉన్న ముప్పైఒక్క సిస్టంల నంబర్లున్నాయి, కుడివైపు ఖాళీ. ప్రతి నంబరు ఎదురుగా ఒక్క మనిషి పేరు రాయాలి. ఇద్దరి పేర్లు వద్దు, ‘డిపార్ట్‌మెంట్’ అని అసలే వద్దు. ఆ మనిషి రిపేరు చేయనక్కర్లేదు, అప్‌డేట్ అడిగితే సరేననాలి, తేడా కనిపిస్తే నాకు చెప్పాలి. విభాగం మెయిల్, ఓటీపీ నంబరు, బీరువా తాళం కూడా కిందే రాశాను. పేజ్‌మేకర్ సిస్టం ఎదురుగా నా పేరు ముందే వేసుకున్నాను.

కిటికీ పక్కన సిస్టం నంబరు పద్నాలుగు. పెన్ను ఒక్కటే ఉంది, వెనక్కి పంపించండి. అది కూడా డిపార్ట్‌మెంట్‌ది కాదు, నాది.